వెనక సీటు ఎత్తు

చాతమ్ జెట్టీ దగ్గర బోటెక్కే బళ్ళ క్యూలో, వెనక బండి ఆయన దిగి వచ్చి లాయిడ్ కిటికీ అద్దం తట్టాడు.

"తమ్ముడూ, మీ బండి వెనక సీట్లో ఒక్కసారి కూర్చోనా?"

యాభై దాటిన మనిషి. చొక్కా జేబు మీద పోటీ కార్ల కంపెనీ గుర్తు. ఆయన తెచ్చిందీ లాయిడ్ బండి సైజు చిన్న ఎస్‌యూవీయే. లాయిడ్‌ది తెల్లది, ఆయనది ఎర్రది.

లాయిడ్‌కి ఒళ్ళు మండింది.

అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఏలీయా అని ఒక స్కూలు మాస్టారు రెండు కంపెనీల బళ్ళూ ఇంటికి తెమ్మన్నాడు. పక్కపక్కన పెట్టి చూసుకుని ఒకటి కొంటాడట.

షోరూంలో చేరి మూడు నెలలైనా లాయిడ్ ఒక్క బండి కూడా అమ్మలేదు. "ఇదీ పోతే సోమవారం నుంచి రానక్కర్లేదు" అని మేనేజర్ నిన్ననే చెప్పేశాడు. షాదీపూర్ అద్దె గదిలో భార్య ఫేబేకి ఎనిమిదో నెల.

"కూర్చోండి, కూర్చుంటే అరిగిపోదుగా" అన్నాడు.

ఆయన ఎక్కాడు, దిగాడు. మోకాలు పట్టుకుని ముసలాళ్ళలా నెమ్మదిగా మళ్ళీ ఎక్కాడు, దిగాడు. మూడోసారి కూడా. ఇంత బాహాటంగా ఆరాలు తీసేవాణ్ణి లాయిడ్ ఎక్కడా చూడలేదు.

తర్వాత ఆయన పక్కకి వెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడాడు.

బోటు మీద బళ్ళు సర్దే పోలిరాజు, "ఆనే దో, ఆనే దో... బస్" అంటూ అన్నిటినీ ఇరికించేశాడు. లాయిడ్‌కి ఒక పక్క బోటు గోడ, రెండో పక్క ఎర్ర బండి, దాని పక్కన సిమెంటు లారీ. ఎవరి తలుపూ జానెడు కూడా తెరుచుకోదు. బోటు మీద ఇంజన్ ఆపెయ్యాలి కాబట్టి ఏసీ కూడా లేదు.

చెమట కారిపోతోంది. పక్క కిటికీలో ఆ మనిషి మొహం మూరెడు దూరంలో ఉంది. చూడకుండా ఉందామన్నా కుదరదు.

"మాది టర్బో భయ్యా. ఎంత చఢాయీ ఎక్కినా బండి మూలగదు" అన్నాడు లాయిడ్, కస్టమర్ మీద ప్రయోగించబోయేది ముందు ఈయన మీద ప్రయోగిస్తూ.

"మంచి ఇంజనే."

"పోయిన నెల మావాళ్ళు అమ్మినవాటిలో సగం కూడా మీవాళ్ళు అమ్మలేదు."

"నిజమే."

"మీది చూపుకి బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ మరీ ఎత్తు."

"నేనూ అదే అనుకుంటన్నాను తమ్ముడూ."

ఇలాంటివాడికి ఉద్యోగమిచ్చిన మహానుభావుడెవరో అనుకున్నాడు లాయిడ్.

అవతలి ఒడ్డు వచ్చింది. నడిచి ఎక్కినవాళ్ళు దిగిపోయారు. పోలిరాజు బళ్ళు దిగే రాంప్ దగ్గర వంగి నీళ్ళు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నీళ్ళు తీసేస్తన్నాయి. రాంప్ మరీ వాలిపోతంది. ఒక్క బండి దింపుతాను, తర్వాత బోటు వాపస్ చాతమ్. మిగతావోళ్ళు సాయంత్రం పోటెక్కాక రండి."

లాయిడ్ చెయ్యి ఇంజన్ తాళం మీదికి పోయింది. ఒక్క బండి.

"నన్ను దిగనిస్తావా తమ్ముడూ?" అన్నాడు పక్కాయన. "పది నిమిషాల పని. సాయంత్రానికి నేనుండను."

అమ్మకాల్లో ఇదో ఎత్తు. లాయిడ్ ఫోన్ చెవికి ఆనించుకుని, రాని కాల్‌కి రెండుసార్లు "హా, హా" అని, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పోలిరాజు భయ్యా, హోప్ టౌన్‌లో మా అమ్మకి సీరియస్‌గా ఉందట. జల్దీ దించు."

నిజానికి ఆ వేళకి లాయిడ్ వాళ్ళమ్మ తుష్నాబాద్‌లో కోళ్ళకి నూకలు చల్లుతూ ఉంటుంది.

పోలిరాజు ఎర్ర బండి వైపు చూశాడు.

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "అమ్మ అంటన్నాడు కదా, ముందు అతన్ని పంపు" అన్నాడు. చెయ్యి బయటికి చాపి, లాయిడ్ బండికి గీసుకోకుండా తన అద్దం తనే మడిచేశాడు.

లాయిడ్ ఒడ్డెక్కి అద్దంలో చూశాడు. ఖాళీ అయిన చోట ఎర్ర బండి తలుపు తెరుచుకుంది. ఆయన దిగి రెండడుగులు పరుగెత్తేసరికి రాంప్ లేచిపోయింది. లాయిడ్‌కి ఎక్కడో చివుక్కుమంది గానీ, యాక్సిలరేటర్ తొక్కేశాడు.

ఏలీయా ఇంటి వరండాలో అన్నం వడ్డించి మూతపెట్టిన కంచం ఒకటి ఉంది. ఏలీయా తల్లి అబిగేలమ్మ కర్ర పక్కన పెట్టి, ఎవరి సాయమూ లేకుండా తెల్ల బండి వెనక సీట్లోకి జరిగి కూర్చుంది.

"బాగుంది. ఆదివారం చర్చికి ఎవరూ ఎత్తి ఎక్కించక్కర్లేదు."

"మీదే తీసుకుంటాం" అన్నాడు ఏలీయా, బుకింగ్ ఫారం అందుకుంటూ. "అన్నయ్య ఇందాకే ఫోన్ చేసి చెప్పాడు. అమ్మ మోకాళ్ళకి ఈ ఎత్తే సరిపోతుందట."

ఆ అన్నయ్య ఎవరో గానీ చల్లగా ఉండాలి అనుకున్నాడు లాయిడ్. ఫేబేకి ఫోన్ చెయ్యాలని చేతులు తహతహలాడాయి.

అబిగేలమ్మ సీట్లోంచి దిగకుండానే రోడ్డు వైపు చూసింది.

"ఆ ఎర్ర బండి ఇంకా రాలేదేటి బాబూ?"

"అది రాదమ్మా. బోటు వాపస్ వెళ్ళిపోయింది."

ఏలీయా చేతిలో పెన్ను ఆగింది. ఆవిడ చెయ్యి చాపి కర్ర అందుకుంది.

"ఆ కంచం లోపల పెట్టెయ్యరా ఏలీయా" అంది. తర్వాత లాయిడ్ వైపు తిరిగింది. "ఆళ్ళ షోరూం ఎత్తేశారు బాబూ, నాలుగింటికి వైజాగ్ షిప్ ఎక్కేస్తన్నాడు మా పెద్దోడు, ఎక్కేముందు ఆ ఎర్ర బండి చూపించే వంకన నన్నోసారి చూసి పోతానన్నాడు."