వాగు దగ్గర లేని గట్టు

అక్క మూడో మలుపులో బ్రేకు నొక్కి సైకిలు దిగింది. అడవిలోని పాత దారిని చెల్లెలు సైకిళ్ళ బాటగా తీర్చిదిద్దింది. పొద్దున్నుంచీ తొక్కినవాళ్ళంతా చెల్లెలి పనితనాన్ని ఆకాశానికెత్తేస్తుంటే అక్కకు కడుపు రగిలిపోతోంది.

“మలుపు మలుపుకీ ఈ మట్టిగట్లేంటే? చంటిపిల్లలు తొక్కే బాటలా ఉంది.”

పారతో గట్టు సరిచేస్తున్న చెల్లెలు తలెత్తలేదు. “పాత దారిలో నువ్వు పడ్డ ప్రతిచోటా గుర్తుగా మేకు పాతానక్కా. ఇంకెవరూ పడకుండా అక్కడే గట్లు కట్టాను.”

అక్కకు ఇంకా ఒళ్ళు మండింది. “మరి వాగు దగ్గర పడి చెయ్యి విరగ్గొట్టుకున్నానే, అక్కడ కట్టలేదేం?”

చెల్లెలు పార కింద పెట్టింది.

“అక్కడ దారిలో లోపమేం లేదక్కా. అడ్డంగా రాయి పెట్టింది నేనే. అప్పట్లో అందరూ నిన్నే పొగిడేవాళ్ళు.”