రెక్కల గుర్రానికి చంకలో దురద

నేను నాటకాల వేషాలు కుడతాను. వారం రోజులు వాళ్ల నాన్న దగ్గరుండి వచ్చిన నా కూతురు మిషను పక్కన చతికిలబడి మొదలెట్టింది.

"గండభేరుండానికి ఎడమ తల వాలిపోతుందమ్మా. రెక్కల గుర్రానికి చంకలో దురద. మకరానికి తన తోకే తనకు అడ్డం."

మిషను ఆపేశాను. ఆయన కొత్త పెళ్లాం దీన్ని తీరిగ్గా ఒళ్లో కూర్చోబెట్టుకుని కథలు చెబుతోందన్నమాట! నాకు లేనిదల్లా ఆ తీరికే.

"మీ పిన్ని బాగానే నేర్పిందే!"

"పిన్నికేం తెలీదు. నేనే చెప్పా."

"మరి నీకెవరు చెప్పారు?"

"నువ్వే. కుడుతూ గొణుక్కుంటావుగా. అక్కడ నిద్ర పట్టకపోతే అవే అనుకుంటా."

దూది చాలక గండభేరుండం వేషం ఎడమ తల నా ఒళ్లోనే వాలి ఉంది.