సంజీవి సెలవు పెట్టిన రోజు

“మళ్ళీ పడిపోయింది,” అన్నాడు సీనియర్ ఇంజనీరు, టీ చల్లారిపోయిందని చెప్పినంత మామూలుగా.

పక్క సీట్లోని ప్రోగ్రామర్ అమ్మాయి తలెత్తలేదు. తెరమీద ఎర్రగీత వచ్చింది. నిమిషం తిరిగేలోగా దాని కింద పచ్చగీత పడింది.

“అదిగో, లేచి కూర్చుంది,” అన్నాడు మళ్ళీ తనే.

ఆ ఆస్పత్రిలో ల్యాబు నుంచీ స్కానింగ్ గది నుంచీ వచ్చే రిపోర్టులన్నిటినీ ఒక ప్రోగ్రాం మోసుకెళ్ళి వార్డుల్లో డాక్టర్లకు అందిస్తుంది. దాన్ని రాసింది ఆ అమ్మాయే. నాలుగు నెలల కిందట ఒక ఉదయం అది పడిపోయింది. గంటసేపు ఎవరూ కనిపెట్టలేదు. డాక్టర్లు ఫోన్లమీద ఫోన్లు చేసి కంప్యూటర్ విభాగాన్ని పీకి పందిరేశారు. ఆ వారంలోనే ఇంజనీరు దానికొక కాపలా ప్రోగ్రాం తయారుచేశాడు. అది నిమిషానికోసారి “ఉన్నావా?” అని అడుగుతుంది. మూడు సెకన్లలో “ఉన్నాను” అనే జవాబు రాకపోతే పోయినట్టే లెక్క. వెంటనే దాన్ని తుడిచేసి, మళ్ళీ మొదటినుంచి నడిపిస్తుంది. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు. విభాగమంతా దానికి సంజీవి అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

అమ్మాయి ప్రోగ్రాం ఎంత పీలదో సంజీవి వచ్చాకే బయటపడింది. రోజుకు ఇరవైసార్లకు తక్కువ కాకుండా పడేది. సగం దారిలో ఉన్న స్కాన్లు మళ్ళీ మొదటినుంచి బయల్దేరేవి. వార్డుల వాళ్ళు విసుక్కునేవారు. ఎప్పుడెప్పుడు పడిందో సంజీవి పొల్లుపోకుండా రాసిపెట్టింది. ఆ పట్టీ చూసి మేనేజరు మేడమ్ ఇంకో మాట లేకుండా అమ్మాయిని తీసేయాలని నిర్ణయించింది. ఈ శుక్రవారమే ఆఖరి రోజు.

ఇంజనీరుకు జాలేసింది. పట్టీ తీసిచ్చింది తనే కాబట్టి ఇంకాస్త ఎక్కువే వేసింది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పక ఏం చేస్తాడు?

“సార్, సంజీవి రాకముందు రెండేళ్ళలో ఇది ఒక్కసారేగా పడింది?” అంది అమ్మాయి, తెర వంకే చూస్తూ.

“మనకు తెలిసింది ఒక్కసారి. అప్పట్లో లెక్కపెట్టినవాళ్ళెవరమ్మా?”

“నా రాతంతా వరసకు వరస నాలుగుసార్లు చూశాను. తప్పేం దొరకలేదు. పెద్ద స్కాన్లు మోసేటప్పుడు దానికి ఊపిరాడదు సార్, అందుకే…”

“అందుకే పడిపోతోంది. నేననేదీ అదేగా.”

ఈమధ్య ఆమెకే తన రాతమీద నమ్మకం సడలిపోయింది.

శుక్రవారం రానే వచ్చింది. సంజీవి ఉండే యంత్రాన్ని ఆ రోజే కొత్త గదిలోకి మార్చాలి. పదింటి నుంచి నాలుగింటి దాకా కాపలా ఉండదు. సరిగ్గా అదే సమయానికి ఇంజనీరు ప్రధాన కార్యాలయంలో ఉండాలి. మిగతా ఆస్పత్రుల వాళ్ళు కూడా సంజీవిని పెట్టుకుంటామంటున్నారు, వాళ్ళకు వివరించాలి.

“మీ సంజీవిని ఒకపూట ఇంటికి తీసుకురండి. మన మిక్సీ లేచి కూర్చుంటుందేమో చూద్దాం,” అంది అతని భార్య, ఇస్త్రీ చొక్కా అందిస్తూ.

అతను నవ్వాడు గానీ మనసు మనసులో లేదు. దారిలో ఆస్పత్రి దగ్గర ఆగి, అమ్మాయిని సర్వర్ తెర ముందు కూర్చోబెట్టాడు.

“ఈ ఆరు గంటలూ నువ్వే సంజీవివి. నిమిషానికోసారి అడుగు, జవాబు రాకపోతే లేపు. సీటు మాత్రం వదలకు తల్లీ. ఐసీయూలో డాక్టర్లు రిపోర్టుల కోసం కాచుకుని ఉంటారు.”

“ఆఖరి రోజున నాకే అప్పజెప్పారా సార్?”

“దాని జబ్బు నీకంటే తెలిసినవాళ్ళెవరు?”

ప్రధాన కార్యాలయంలో చప్పట్లు బాగానే పడ్డాయి. టీ ఇచ్చినప్పుడు బయటికొచ్చి ఫోన్ చేశాడు.

“ఎలా ఉందమ్మా? లేపుతున్నావా?”

“సీట్లోనే ఉన్నాను సార్. మీరు త్వరగా రండి.”

అంతమాత్రమే చెప్పి ఫోన్ పెట్టేసింది. ఇంజనీరు మిగతా ఉపన్యాసం చుట్టబెట్టి, కనిపించిన ఆటో ఎక్కేశాడు.

సర్వర్ గదిలో అమ్మాయి కుర్చీ వెనక మేడమ్ నిలబడి ఉంది. ఆమె చేతిలో ఉద్యోగం తీసేసే కాగితం. దానిమీద ఇంకా సంతకం లేదు. ఇద్దరూ తెర వంకే చూస్తున్నారు.

“రిపోర్టులు ఆగిపోయాయా?” అన్నాడు ఇంజనీరు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. “తప్పు నాది మేడమ్. ఈ అమ్మాయిని ఏమీ అనకండి. చేత్తో లేపడం ఒక్క మనిషివల్ల అయ్యే పని కాదు. కాపలా లేకుండా నేను వదిలి వెళ్ళకుండా ఉండాల్సింది.”

“ముందు అది చూడండి,” అంది మేడమ్.

అతను వంగి, పట్టీని నాలుగింటి నుంచి వెనక్కి జరిపాడు. మూడు, రెండు, ఒంటిగంట. పది దాకా అన్నీ పచ్చగీతలే.

“అదెలా?” అన్నాడు.

“పదీ ఇరవైకి అడిగితే జవాబు రాలేదు సార్. పోయిందనుకున్నాను,” అంది అమ్మాయి మెల్లగా. “లేపే మీట ఎక్కడుందో వెతుక్కునేసరికి కాస్త ఆలస్యమైంది. ఈలోగా అదే ‘ఉన్నాను’ అంది. ఆ తర్వాత కావాలనే ఆగి చూశాను. పెద్ద స్కాను మోస్తున్న ప్రతిసారీ మూడు సెకన్లు దాటాక, ఐదో సెకనుకు పలికింది.”

ఇంజనీరు పక్కనున్న కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

నాలుగు నెలలుగా సంజీవి బతికున్నదాన్నే చంపుతూ వచ్చింది.