నడుములోతు

"ఈయాల నడుంలోతు దిగాలక్కా. డాక్టరమ్మ సెప్పింది కదా," అన్నాడు మా తమ్ముడు అప్పన్న.

వాడి మణికట్టు పట్టుకుని గంగమ్మ తల్లిని తలుచుకున్నాను.

పడవ బోల్తా పడి బయటపడ్డ రోజు నుంచి వాడు సముద్రాన్ని చూస్తేనే వణికేవాడు. నిద్రలో కేకలు పెట్టేవాడు. చూడలేక శ్రీకాకుళంలో కౌన్సెలింగుకి నేనే తీసుకెళ్లాను. అక్కడ మాటలే మందు. ఇంటికొచ్చాక చేయాల్సిన పని ఒకటే: ప్రతి వారం నీటికి మరికొంత దగ్గరవ్వాలి. ఇది పదో వారం. అన్ని వారాలూ నేనే చెయ్యి పట్టుకున్నాను, మొక్కుకున్నాను.

మోకాళ్లు మునిగాయి. ఎదురుగా పెద్ద కెరటం లేచింది. చేతుల్లో పుట్టిన వణుకు నా భుజం దాకా పాకింది.

"బయమేస్తే ఎనక్కెళ్లిపోదాం రా, తమ్మూ."

"ఏటక్కా, నువ్వే లాగుతన్నావు!" వాడు నవ్వాడు. "ఆ వణుకు నాది కాదు. నా సెయ్యి సూడు."

చూశాను. వాడి వేళ్లు తెరిచే ఉన్నాయి. పట్టుకున్నది నేనొక్కదాన్నే.

"రేపు మావ పడవెక్కుతాను. ఇంక నా సెయ్యి ఒగ్గక్కా."

వాడికి నిద్ర పట్టాలి, కానీ మళ్లీ పడవ మాత్రం ఎక్కకూడదు. ఈ పది వారాలూ నేను మొక్కింది అదే. తీరితే చీర పెడతానన్నాను.

ఒక్కొక్క వేలే విప్పాను.

తల్లీ, ఆ మొక్కు మర్చిపో. చీర ఎలాగూ తెస్తాను.