శుభ్రం చేసిన లాప్‌టాప్

"ఇందులో ఏమీ ఎక్కించకు, ఏమీ తీసెయ్యకు." లాప్‌టాప్ ఇస్తూ అక్క రెండుసార్లు చెప్పింది. పెళ్ళయ్యాక అక్కకి పిసినారితనం అబ్బిందని చెల్లెలు లోపల్లోపల నవ్వుకుంది.

ఉద్యోగాలకు దరఖాస్తులు పంపడం అయిపోయింది. అరువు తెచ్చిన గిన్నెను తోమి ఇచ్చినట్టు దీన్నీ శుభ్రం చేసి ఇద్దామని, వైరస్‌లు ఏరేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించింది. అందులో దొంగ దొరికాడు. అక్క టైపు చేసే ప్రతి మాటనూ, చూసే ప్రతి పేజీనీ గుట్టుగా ఎవరికో చేరవేస్తున్న ప్రోగ్రామ్ అది. చెల్లెలు దాన్ని వేళ్ళతో సహా పీకేసింది.

"అక్కా, నీ మీద ఎవడో నిఘా పెట్టాడు! నేను చూశాను కాబట్టి సరిపోయింది. మొత్తం తుడిచిపారేశా."

వంటగదిలో అక్క మొహాన నెత్తుటి చుక్క లేదు. "తీసేశావా?"

"తియ్యక, పూజిస్తామా? బావకి చెప్పు, వాడెవడో కనిపెడతాడు."

అక్క స్టవ్ కట్టేసింది. "పెట్టింది మీ బావే."

చెల్లెలు చేతిలోని లాప్‌టాప్‌ను గట్టు మీద పెట్టింది.

"కిందటేడు బాత్రూంలో జారిపడి చెయ్యి విరిగిందన్నానే, గుర్తుందా? దానికి ముందురోజే ఈ ప్రోగ్రామ్‌ని నేను తీసేశాను."

గిన్నెలు పక్కకు జరిపి, లాప్‌టాప్ తెరిచి, చెల్లెలి ముందుకు తోసింది.

"తియ్యడం వచ్చినదానివి, పెట్టడం రాదా? ఆయన ఇంటికొచ్చేలోపు మళ్ళీ ఎక్కించవే."