మూడో దారం

వంటింటి గోడ మీద స్ప్రెడ్‌షీట్ లేని ఇల్లు ఇప్పుడు లేదు. ఏ గడిని ముట్టుకున్నా దాని ఫార్ములా వెలుగు దారాలై గాల్లోకి లేస్తుంది. ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో కంటికి కనిపిస్తుంది. సువర్చల బళ్లో నేర్పేది అదే. "ఫార్ములాలో చేత్తో అంకె ఇరికిస్తే మార్కులు కోసేస్తాను," అంటుంది పిల్లలతో.

కూతురు మృదుల పోయి నెల దాటింది. సువర్చల గుండె రాయి చేసుకుని నిన్ననే ఆ పేరు గోడ మీంచి తీసేసింది. అయినా ఈ పొద్దున బియ్యం గడి మూడు గ్లాసులనే చూపిస్తోంది. ముట్టుకుంది. ఒక దారం తన పేరు నుంచి వచ్చింది, ఇంకోటి భర్త పట్టాభి పేరు నుంచి. మూడోది ఏ పేరు నుంచీ రాలేదు, చేత్తో ఇరికించిన అంకెలా మొదలు లేకుండా వేలాడుతోంది. మృదుల దారం నారింజ రంగులో ఉండేది. దీనికి రంగే లేదు.

"ఆ ఒకటి మీరు కలిపారా?"

వంకాయలు తరుగుతున్న పట్టాభి తలెత్తలేదు. "రెండు గ్లాసులని చూపించింది. చూడలేకపోయాను."

పన్నెండేళ్లుగా బళ్లో పిల్లల లెక్కల్లో అలాంటి ఒకట్లను కొట్టేసిన చెయ్యి గోడ దాకా వెళ్లి ఆగింది. సువర్చల ఇటు తిరిగి, మూడో గ్లాసు బియ్యం కూడా కొలిచి ఎసట్లో పోసింది.