ఎర్ర దారం కట్టిన గ్లాసు

పెద్దోణ్ణి ఆ గదిలోకి తోసింది రోగం కాదు. మీరు! కన్నతల్లీ, తోడబుట్టినవాడూ, చూడటానికి వచ్చి గుమ్మంలోంచే వెనుదిరిగిన చుట్టాలూ, మీరే తోశారు.

పెళ్లికి ముందు ఇద్దరం రక్తపరీక్ష చేయించుకుందామంది పెళ్లికూతురు. తప్పేముంది? చేయించుకున్నారు. పెద్దోడి పేరు మీద హెచ్‌ఐవీ అని వచ్చింది. సంబంధం తెగింది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే టైలరింగ్ షాపు. ఇంక అటు రావద్దన్నారు. బట్టల తానులు పెట్టే వెనక గదిలో మంచం వేశారు. తల్లి కంచం గడప దగ్గర పెట్టి, కాలితో లోపలికి నెడుతుంది. మిగతావాటిలో కలవకుండా గ్లాసుకి ఎర్ర దారం కట్టారు. గ్లాసుతో అంటుకుంటుందని ఏ డాక్టరు చెప్పాడమ్మా మీకు?

తలుపు దగ్గరికొచ్చి కూర్చునేది చిన్నోడి పెళ్లాం, మరదలొక్కతే. కడుపుతో ఉంది. ఆ రోజూ వచ్చింది.

"దీనికి రోజూ మాత్రలేనట బావగారూ, బతికిపోయారు! పొద్దస్తమానం సూదితోనే పని, ఇంజెక్షన్ కనిపిస్తే మాత్రం దబ్బున పడిపోతారు."

పెద్దోడు నవ్వలేదు. "నీ ఒంట్లో ఎలా ఉందమ్మా? పరీక్షలన్నీ అయ్యాయా?"

"రక్తపరీక్ష రాశారండీ. మీ తమ్ముడు వద్దన్నారు. నా మీద నమ్మకం లేదా అని అలిగారు. నమ్మకం లేకపోవడమేంటి? మానేశాను."

పెద్దోడు లేచాడు. అన్నాళ్లలో మొదటిసారి గడప దాటాడు. తల్లి కెవ్వుమంది. చిన్నోడు పరుగున వచ్చి పెళ్లాం చెయ్యి పట్టి లాగాడు.

"ఇక్కడెందుకు కూర్చున్నావే? నీకు అంటుకుంటే?"

పెద్దోడు వాడి కాలర్ పట్టుకున్నాడు. "నీ పెళ్లానికి పరీక్ష చేయించానన్నావు కదరా! ఏం లేదని నా తల మీద ఒట్టేశావు కదరా!"

"అన్నయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా. తర్వాత మాట్లాడదాం."

"తర్వాతేంట్రా? ఇప్పుడు మందులు మొదలుపెడితే బిడ్డని కాపాడుకోవచ్చు. పద, అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్లు, నువ్వూ చూపించుకో. ఆ రోజు పెళ్లి పరీక్షకి నా పేరు చెప్పి సూదికి చెయ్యి చాపింది నువ్వేగా!"